మా అమ్మకు అట్లాంటివేం లేవు

మా అత్త కారం తినడం మానేసిందని ఇంట్లో మొదట గమనించింది నేనే. రొట్టెలో ఎర్రగడ్డ కారం లేకపోతే ముద్ద దిగని మనిషి, ఒకరోజు పొద్దున జొన్నరొట్టెను మజ్జిగలో నానబెట్టుకొని తింటూ కనిపించింది. అడిగితే పన్ను సలుపుతోందని చెప్పింది. మరుసటి వారమూ అదే మాట. ఎడమవైపు నమలడం లేదు. నోరు పుక్కిలించేటప్పుడు ముఖం అటు తిప్పుకుంటోంది. చూపించమంటే చూపించదు. ఆఖరికి ఒక మధ్యాహ్నం గడప దగ్గర కూర్చోబెట్టి, బతిమాలి, ఫోను లైటు వేసి చూశాను. ఎడమ చెంప లోపల గోరంత తెల్లమచ్చ. దాని అంచున ఎర్రగా, పచ్చిగా ఉంది.

ఆమె బీడీలు తాగుతుందని ఆ ఇంట్లోవాళ్ళలో నాకొక్కదానికే తెలుసు.

నేను పుట్టింది మైదుకూరు దగ్గర పల్లెలో. పసుపు పండే ఊరు. మా నాయన, చిన్నాయనలు సిగరెట్లు తాగేవాళ్ళు, వరండాలో కూర్చొని, వచ్చినవాళ్ళకు ఇచ్చి మరీ. పసుపు తవ్వడానికి వచ్చే కూలి ఆడవాళ్ళు మధ్యాహ్నం సంగటి తిన్నాక గట్టు మీద కూర్చొని బీడీలు వెలిగించుకొనేవాళ్ళు. మా అమ్మ వాళ్ళను ఏమీ అనేది కాదు గానీ నన్ను మాత్రం అటు పోనిచ్చేది కాదు. అట్లా చిన్నప్పుడే ఒక విషయం నాకు తెలియకుండానే మనసులో నాటుకుపోయింది. మగవాళ్ళలో ఎవరైనా తాగవచ్చు. ఆడవాళ్ళలో కూలికి పోయేవాళ్ళే తాగుతారు. మనబోటి ఇళ్ళలో ఆ మాటే ఉండదు.

పెళ్ళయి కర్నూలు వచ్చాక అది తప్పని తెలిసింది.

మా అత్తగారి ఊరు ఆత్మకూరు పక్క మెట్టపల్లె. భూములున్న ఇల్లే. కానీ వరసగా వానలు లేక భూములు బీళ్ళు పడ్డప్పుడు, కొన్నేళ్ళపాటు ఆమె ఇతరుల చేలల్లో కూలికి పోయింది. తర్వాత మామ కాలువ పనులు, రోడ్డు పనులు కాంట్రాక్టుకు పట్టడం మొదలుపెట్టి, నెమ్మదిగా నిలదొక్కుకొని, కర్నూలులో మిద్దె ఇల్లు కట్టాడు. నా పెళ్ళినాటికే ఆయన లేడు. గుండె జబ్బుతో పోయాడు. పెద్దకొడుకు మా ఆయన. తండ్రి కాంట్రాక్టులే చేస్తాడు. చిన్నకొడుకు, అంటే మా మరిది, కడపలో విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతాడు. అన్నదమ్ములిద్దరికీ సిగరెట్ అలవాటు. ఇద్దరూ తల్లి ముందు తాగరు. మా ఆయన సాయంత్రం మిద్దె మీదికి పోయి తాగి, నోరు కడుక్కొని కిందికి వస్తాడు. కొత్తలో ఒకసారి ఎందుకట్లా అని అడిగితే, అమ్మ ముందర తాగితే మర్యాదగా ఉంటుందా అన్నాడు.

పెళ్ళైన రెండో ఎండాకాలంలో మిద్దె మీద వడియాలు ఎండబెట్టాను. మధ్యాహ్నం ఉన్నట్టుండి చినుకులు మొదలైతే పరుగున పైకి పోయాను. నీళ్ళ ట్యాంకు వెనక మా అత్త గొంతుక్కూర్చొని ఉంది. అరచేతిలో, నిప్పు లోపలికి వచ్చేటట్టు పట్టుకొని, బీడీ. నన్ను చూసి పారేయలేదు. ఇంకో దమ్ము పీల్చి, గోడకు నలిపి, అప్పుడు లేచింది.

"చూస్తివి కదా. ఇంగ కడుపులో పెట్టుకో," అంది.

కడుపులోనే పెట్టుకున్నాను. మిద్దె మీద పొగ వాసన వస్తే కొడుకు తన సిగరెట్ వాసనే అనుకొనేవాడు. ట్యాంకు పక్కన సిగరెట్ పీకలు కనిపిస్తే తల్లి చూడనట్టు పోయేది. ఒకరి వాసన ఇంకొకరిని కాపాడుతూ వచ్చింది. ఇంట్లో పనిచేసే ఆమె కొంగున కట్టుకొని బీడీకట్టలు తెచ్చి ఇచ్చేది. ఒకసారి ఆమె కూతురి కాన్పుకని ఊరికి పోయింది. బీడీలు అయిపోయాయి. మా అత్త రెండు రోజులు ఇంట్లో అందరి మీదా కసురుకుంది, మూడోరోజు తలనొప్పని పడుకుంది. ఆ రోజు నేనే, పాఠాలు చెప్పే బడి నుంచి వస్తూ, వీధి చివర దుకాణం దగ్గర ఆగాను.

అప్పటిదాకా ఆ దుకాణం ముందర అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. కాలేజీ పిల్లలు ఒక్క సిగరెట్ తీసుకొని ఫోనుతో స్కాన్ చేసి, ముగ్గురు కలిసి తాగుతున్నారు. ఏదో ఆఫీసాయన స్కూటర్ దిగకుండానే వేలు చూపిస్తే దుకాణదారు ఆయన తాగే పెట్టె తీసి ఇచ్చాడు. పక్క సైటు నుంచి వచ్చిన మేస్త్రీలు బీడీలు అడిగారు. అంతమందిలో ఆడమనిషిని నేనొక్కదాన్నే. అందరూ పోయేదాకా బిస్కెట్లు చూస్తున్నట్టు నిలబడి, తర్వాత బీడీకట్ట అడిగాను. ఎవరికమ్మా అన్నాడు. ఇంటికి సున్నం కొట్టేవాళ్ళకని చెప్పాను. నమ్మాడో లేదో, కాగితంలో చుట్టి మరీ ఇచ్చాడు. మేస్త్రీలకు ఇచ్చినప్పుడు కాగితం చుట్టలేదు.

ఇదంతా తెల్లమచ్చ కనబడడానికి కొన్నేళ్ళ ముందు సంగతి.

మచ్చ చూసిన సాయంత్రమే మా ఆయనకు చెప్పాను. మచ్చ గురించే చెప్పాను, బీడీ గురించి కాదు. మరుసటి రోజే తెలిసిన పళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకుపోయాం. ఆయన నోరు చూసి, అద్దం పెట్టి చూసి, మా అత్తను కాకుండా మా ఆయనను అడిగాడు, వక్కాకు, పొగాకు, అలాంటి అలవాట్లు ఏమైనా ఉన్నాయా అని.

"మా అమ్మకు అట్లాంటివేం లేవు సార్," అన్నాడు మా ఆయన. చిన్నగా నవ్వాడు కూడా.

మా అత్త కుర్చీలో నోరు తెరుచుకొని పడుకొని ఉంది. కళ్ళు మాత్రం నావైపు తిప్పింది. ఆ చూపు ఇప్పటికీ నాకు గుర్తే. నా నోటిదాకా వచ్చిన మాట అక్కడే ఆగింది. డాక్టర్ ఆ పక్క పన్ను అంచు పదునుగా ఉంది, చెంపకు రాసుకొని పుండయిందన్నాడు. పన్ను అరగదీసి, పూతమందు రాసిచ్చి, తగ్గకపోతే రమ్మన్నాడు. మా ఆయన తేలికపడి కారులో పాటలు పెట్టాడు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మరుసటి రోజు వంటింట్లో అత్తను అడిగాను, డాక్టర్‌కు నిజం చెబుదామా అని. ఆమె చేస్తున్న పని ఆపలేదు. పన్నే కదా అన్నాడు, తగ్గిపోతుందిలే అంది. నేను వదల్లేదు. అప్పుడు చెయ్యి తుడుచుకొని నా ఎదురుగా నిలబడింది.

"నా కొడుకుల ముందర నన్ను తక్కువ చేయొద్దమ్మే. ఇంతకాలం దాచి, ఇప్పుడు ముసిల్దాన్నయినాక చెప్పుకోవాల్నా?"

అంతటితో ఆగిపోయాను. కానీ నా లోపల మాత్రం ఏదీ ఆగలేదు. బడిలో పిల్లలకు పాఠం చెబుతూ మధ్యలో మరిచిపోయేదాన్ని. తీరిక పీరియడ్‌లో ఫోనులో నోటి పుళ్ళ గురించి చదివేదాన్ని, భయమేసి మూసేసేదాన్ని, మళ్ళీ తెరిచేదాన్ని. మా ఆయన చొక్కా ఉతకడానికి వేస్తూ జేబులోంచి సిగరెట్ పెట్టె తీసినప్పుడల్లా దాని మీది పుండు బొమ్మ నన్నే చూస్తున్నట్టుండేది. అంతకుముందు అన్నేళ్ళు ఆ పెట్టె తీసి బల్లమీద పెట్టాను గానీ ఆ బొమ్మను ఒక్కసారీ సరిగా చూడలేదు. ఇప్పుడు బోర్లించి పెట్టేదాన్ని. రోజూ సాయంత్రం అత్త నోరు చూసేదాన్ని. నిన్నటికంటే పెద్దదైందా, అట్లే ఉందా, నా కళ్ళకు అట్లా తోస్తోందా, ఏదీ తెలిసేది కాదు. మధ్యాహ్నాలు ఆమె ఇంకా మిద్దె మీదికి పోతూనే ఉంది. మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు వింటే చేతిలో పని వదిలేసి అటే చూసేదాన్ని.

మచ్చ తగ్గలేదు. పళ్ళ డాక్టరే ఈసారి పెద్ద ఆసుపత్రికి పొమ్మని చెప్పాడు. ఆ మాటతో మా ఆయన ముఖం మొదటిసారి పాలిపోయింది.

ఆ ఆసుపత్రిలో మా వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. వరండా నిండా జనం. గొంతుకు గుడ్డ చుట్టుకొన్న మగవాళ్ళు, వాళ్ళ పక్కన భార్యలు. ఆడవాళ్ళందరూ తోడొచ్చినవాళ్ళే అనుకున్నాను. కాసేపటికి గాని తెలియలేదు, వాళ్ళలో కొందరు తమకోసమే వచ్చారని. నా పక్కన కూర్చున్న పెద్దమ్మ డోన్ పక్క గనుల్లో రాళ్ళు మోసిందట. చిన్నప్పటి నుంచీ బీడీ తాగుతున్నానని తనంతట తనే చెప్పింది, వాన పడింది అన్నంత మామూలుగా. మా అత్త ఆమెను చాలాసేపు చూసింది.

లోపల డాక్టర్ చిన్న వయసు అమ్మాయి. చెయ్యి కడుక్కొని, తొడుగు వేసుకొని, నోరంతా వేలితో తడిమి చూసింది. మెడ కింద నొక్కి చూసింది. తర్వాత కుర్చీ దగ్గరికి జరుపుకొని అడిగింది, బీడీ, చుట్ట, నస్యం, గుట్కా, ఇందులో ఏదైనా ఉందా అని.

"మా అమ్మకు అట్లాంటివేం..." అని మా ఆయన మొదలుపెట్టాడు.

"మీరు ఆగండి. నేను అందరు ఆడవాళ్ళనూ ఇదే అడుగుతాను. అమ్మనే చెప్పనీయండి," అంది డాక్టర్.

మా అత్త ఒళ్ళోని కొంగును రెండు చేతులతో పట్టుకొని ఉంది. నేను గోడ వైపు చూశాను. ఆమె నావైపు చూస్తే ఏం చేయాలో నాకు తెలియదు.

"తాగుతా తల్లీ. బీడీలు," అంది మా అత్త.

"ఎప్పటినుంచి?"

"లెక్క యాడ పెట్టుకుంటాం. ఈ పెద్దోడికి మూడేండ్లు ఉన్నప్పటినుంచి."

డాక్టర్ తల ఎత్తకుండా రాసుకుంది. ఆశ్చర్యపోలేదు, కోప్పడలేదు. మచ్చ నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలని, ఫలితం రావడానికి వారం పైన పడుతుందని, అప్పటిదాకా ఒక్క బీడీ కూడా ముట్టుకోవద్దని చెప్పింది. ముక్క తీసేటప్పుడు బయటికి పొమ్మంటే మా ఆయన వెళ్ళిపోయాడు. మేం వచ్చేసరికి కారులో కూర్చొని ఉన్నాడు, తాళం చెవి చేతిలోనే ఉంది.

ఇంటికి వచ్చాక అత్త పడుకుంది. మా ఆయన నన్ను మిద్దె మీదికి పిలిచాడు.

"నీకు తెల్సా?" అన్నాడు.

తెలుసన్నాను. తనకెందుకు చెప్పలేదని అడిగాడు. చెప్పొద్దని ఆమె మాట తీసుకుందన్నాను. ఆయన జేబులోంచి సిగరెట్ తీశాడు. వెలిగించలేదు. చాలాసేపు దాన్ని వేళ్ళ మధ్య తిప్పి, విరిచి, కింద వీధి మురుగుకాలువలో పారేశాడు. అది చూసి మానేస్తాడని ఆశపడ్డాను. మరుసటి రోజు సాయంత్రానికి మళ్ళీ మొదలైంది.

ఫలితం కోసం చూసిన ఆ రోజుల్లో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు. కడప నుంచి మా మరిది వచ్చాడు. తల్లి దగ్గర కూర్చున్నాడు, చెయ్యి పట్టుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు. బయటికి వచ్చి మాత్రం నాతో, వదినా, బంధువులకు పన్ను నొప్పనే చెప్పండి అన్నాడు. మన ఇంట్లో ఆడవాళ్ళు బీడీ తాగుతారంటే నలుగురిలో ఏం మర్యాద అన్నాడు. ఆ మాట అంటూ వాకిట్లో నిలబడి సిగరెట్ వెలిగించుకున్నాడు. అతనికి అందులో తేడా ఏమీ కనబడలేదు. నిజం చెప్పాలంటే, కొన్నేళ్ళ ముందయితే నాకూ కనబడేది కాదు.

కిటికీ తెరిచే ఉంది. ఆ మాటలు మా అత్తకు వినబడ్డాయి. మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె ఇద్దరు కొడుకులనూ పిలిచి కూర్చోబెట్టుకుంది. నన్నూ ఉండమంది. అప్పటిదాకా నాకు కూడా చెప్పని సంగతి ఆ రోజు చెప్పింది.

కరువు రోజుల్లో ఆమె వేరుశనగ బుడ్డలు పీకడానికి, జొన్న కోయడానికి కూలికి పోయేది. పొద్దున ఇంత అంబలి తాగి పోతే మళ్ళీ మాపటికే తిండి. మధ్యాహ్నం ఆకలికి తోటి ఆడవాళ్ళు బీడీ తాగేవాళ్ళు. దమ్ము లాగితే ఆకలి చచ్చేది. ఆమె మొదట్లో ముట్టుకోలేదు. మా ఆయన తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ సంగతి కొడుకులకూ సరిగా తెలియదు. ఏడాది నిండకముందే జ్వరమొచ్చి పోయింది. పిల్ల పోయిన వారానికే ఆమె మళ్ళీ చేనికి పోవాల్సి వచ్చింది. పనిలో చేతులు ఆడక గట్టు మీద కూర్చుంటే, పక్కనామె బీడీ వెలిగించి చేతిలో పెట్టింది. ఇంకేం ఇవ్వాలో ఆమెకు తెలియలేదు, తనకు ఇంకేం తీసుకోవాలో తెలియలేదు అంది మా అత్త. మామకు తెలుసు. ఆయన బీడీలోనే సగం ఇచ్చేవాడు. కాంట్రాక్టులు వచ్చాక ఆయన బీడీ మాని సిగరెట్‌కు మారాడు. ఇంజనీర్ల ముందు బీడీ బాగుండదని. ఆమెను మాత్రం పూర్తిగా మానేయమన్నాడు.

"ఆ పొద్దుల్లో నన్ను ఒగరూ ఏమీ అన్లే," అంది మా అత్త. "మిద్దె ఇల్లు కట్టినాకనే అది తప్పయింది. మీ నాయన తాగే సిగరెట్టు పెద్దరికమాయ, నా బీడీ నామోషీ ఆయ. నేను దాంట్లో మంచి ఉండాదని అన్లేదు నాయనా. నోరు పుండయి కూర్చున్నా కదా. కానీ పన్ను నొప్పని చెప్పొద్దు. ఎవరన్నా అడిగితే ఉన్నది చెప్పండి."

మా మరిది తల వంచుకొని కూర్చున్నాడు. మా ఆయన లేచి తల్లి కాళ్ళ దగ్గర కింద కూర్చున్నాడు. ఆ పిల్లకు ఏం పేరు పెట్టినారమ్మా అని అడిగాడు. ఆమె చెప్పింది. నేను అక్కడ ఉండలేక వంటింట్లోకి వచ్చేశాను.

ఫలితం రోజు ఆసుపత్రి వరండాలో వరసగా కూర్చున్నాం. పిలుపు వచ్చేసరికి మా ఆయన లేవలేకపోయాడు, నేనే చెయ్యి పట్టుకొని లేపాను. డాక్టర్ కాగితం చదివి, ఇది క్యాన్సర్ కాదు, కానీ వదిలేస్తే అటువైపే పోయే మచ్చ ఇది అంది. మచ్చ మొత్తం కోసి తీసేస్తామని, మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాలని, బీడీ మానకపోతే తాను చేసేదేమీ ఉండదని చెప్పింది. ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మా అత్త మాత్రం, ఎప్పుడు కోస్తావమ్మా, రేపు వస్తే అయితాదా అని అడిగింది.

కోత చిన్నదే. మానడమే పెద్దదైంది. మొదటి నెల ఆమె పడ్డ బాధ నేను చూశాను. వేయించిన బుడ్డలు, వాము, సోంపు ఒళ్ళో పెట్టుకొని కూర్చొనేది. చేతులు ఊరికే కదులుతుండేవి. చీటికీ మాటికీ కోపం. ఒకరోజు నన్ను ఒక్కటంటే ఒక్కటి తెచ్చిపెట్టమంది. తేనన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేను మాత్రం ఆమె దగ్గరికి పోయినప్పుడల్లా తెలియకుండానే వాసన చూసేదాన్ని.

ఆత్మకూరు పక్క ఊరిలో ఎవరో దూరపు బంధువు పోతే చూడటానికి వెళ్ళి వచ్చింది. ఆమె విప్పిన చీర మడత పెడుతుంటే బీడీ వాసన నా ముక్కుకు తగిలింది. నా చేతులు ఆగిపోవడం ఆమె చూసింది.

"వాసన చూడొద్దు. అడుగు, చెప్తా," అంది.

"తాగినావా అత్తా?"

"ఒగ దమ్ము. ఆడ నా ఈడు వాళ్ళంతా అరుగు మీద కూర్చొని తాగుతాండారు. నా చేతికిస్తే కాదనలేకపోయినా. ఇంగ తాగనులే."

నేను నమ్మాను. నమ్మక ఏం చేయగలను? ఆ తర్వాత ఊరికి పోయినప్పుడల్లా నేను తోడు పోతున్నాను. అరుగు మీద ఆమెకు చేయి చాపేవాళ్ళు చెడ్డవాళ్ళేం కాదు. ఆమెతో కలిసి ఎండలో వంగినవాళ్ళు. వాళ్ళ నోళ్ళు ఎవరు చూస్తారా అని ఆలోచన వస్తుంది, అక్కడ కూర్చున్నంతసేపూ మనసు స్థిమితంగా ఉండదు.

ఒక సాయంత్రం మా అత్త మిద్దె ఎక్కింది. నాకు అనుమానమేసి వెనకే పోయాను. మా ఆయన పిట్టగోడ దగ్గర నిలబడి తాగుతున్నాడు. తల్లిని చూసి చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు. ఆమె పోయి పక్కన నిలబడింది.

"దాయొద్దులే. దాచి తాగితే ఎంత ఎక్కువ తాగుతామో నాకు తెలుసు. నా ఎదురుగానే తాగు."

ఆయన తాగలేకపోయాడు. నలిపి పారేశాడు. అప్పటినుంచి ఇంట్లో తాగడం లేదు. పని దగ్గర, టీ కొట్టు దగ్గర తాగుతూనే ఉన్నాడని నాకు తెలుసు. బిల్లుల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేటప్పుడు, ఎవరో ఒకరు పెట్టె తెరిచి చాపితే కాదంటే మాట తెగిపోతుందంటాడు. అది సాకో నిజమో నాకు తెలియదు. రెండూ కావచ్చు. పొద్దున పళ్ళు తోముకొనేటప్పుడు ఆయన దగ్గు వినబడుతుంది. నేను పొయ్యి దగ్గర నిలబడి, అది ఎప్పుడు ఆగుతుందా అని చూస్తుంటాను.

పోయిన పరీక్షకు ముగ్గురం పోయాం. డాక్టర్ మా అత్త నోరు తడిమి చూసి, కోసినచోట బాగా మానింది, కొత్తగా ఏమీ లేదని చెప్పింది. మా అత్త కుర్చీ దిగి, కొడుకును చెయ్యి పట్టుకొని తెచ్చి అందులో కూర్చోబెట్టింది.

"వీడిదీ చూడు తల్లీ. సిగరెట్లు తాగుతాడు. అడిగితే లేదంటాడు."

మా ఆయన నోరు తెరిచాడు. డాక్టర్ లైటు వేసి చూస్తున్నంతసేపూ నేను ఆమె కనుబొమ్మలనే చూశాను. నోట్లో ఏమీ లేదంది. దగ్గు సంగతి నేను చెబితే ఛాతీ ఎక్స్‌రే తీయించింది. అందులోనూ ప్రస్తుతానికి భయపడేదేమీ లేదని, మానడానికి ఇదే మంచి సమయమని చెప్పింది. మానతానన్నాడు. తగ్గించాడు గానీ మానలేదు. మా అత్త మాత్రం ఆ ఒక్క దమ్ము తర్వాత మళ్ళీ ముట్టుకోలేదు.

వచ్చే నెలలో మళ్ళీ పరీక్ష. ఈసారి కడప నుంచి మా మరిదిని కూడా రమ్మని మా అత్తే ఫోన్ చేసి చెప్పింది. వస్తానన్నాడు. ఆ రోజు దగ్గరపడే కొద్దీ, ఈసారి ఎవరి నోట్లో ఏం కనబడుతుందోనని నాకు అన్నం సయించడం లేదు.